పాదచారి రోము

రోముకు వెళ్ళొచ్చానంటే మనవాళ్ళు ముందు అడిగేది కొలోసియం లోపలికి వెళ్ళావా అని. ఆ వెంటనే రెండో ప్రశ్న, మొత్తం ఎంతయింది అని. రెండూ సహజమైన ప్రశ్నలే. ఐరోపా ప్రయాణమంటే వీసా ఖర్చు, విమానం ఖర్చు, దిగిన తర్వాత ప్రతి గుమ్మం దగ్గరా టికెట్టు. లెక్క వేసుకుంటూ పోతే చూడాల్సినవాటిలో సగం కొట్టేయాల్సి వస్తుందనీ, తక్కువ డబ్బుతో వెళ్ళినవాళ్ళు ఊరిని పైపైన చూసి వస్తారనీ ఒక నమ్మకం ఉంది. మిగతా రాజధానుల సంగతి ఎలా ఉన్నా, రోము దగ్గర ఈ నమ్మకం తలకిందులవుతుంది. ఈ నగరం తన సంపదలో పెద్ద భాగాన్ని తలుపులు తెరిచి, టికెట్టు లేకుండా, దారిన పోయేవాళ్ళ ఎదుటే పెట్టింది. పర్యాటకుల మీద దయతో ఈమధ్య చేసిన ఏర్పాటనుకుంటే పొరపాటు. చేతిలో పెద్దగా ఏమీ లేకుండా, వారాలూ నెలలూ నడిచి వచ్చేవాళ్ళను ఎదురుగా ఊహించుకుంటూ ఈ ఊరు కొన్ని వందల ఏళ్ళ పాటు తనను తాను కట్టుకుంది.

నాకీ సంగతి స్పష్టంగా కనిపించింది సాంత్ అగొస్తీనో చర్చిలో. పియాజ్జా నవోనాకు నడిచి వెళ్ళేంత దగ్గరలో, మెట్ల మీద, తెల్లరాతి ముఖంతో నిలబడి ఉంటుంది. నవోనా చౌకులో మనుషులు కిక్కిరిసి ఉన్న వేళ కూడా ఇక్కడ పది పదిహేను మందికి మించి కనిపించరు. లోపలికి అడుగు పెట్టి ఎడమవైపు తిరిగితే మొదటి చాపెల్‌లోనే కరవాజ్జో గీసిన తైలవర్ణ చిత్రం ఉంది. 1604, 1606 మధ్య గీశాడు. మరియ మాత ఒక పాత ఇంటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. గోడకు సున్నం పెచ్చులూడి లోపలి ఇటుకలు బయటపడ్డాయి. చంకలో బాలయేసు, ఎత్తుకోవడానికి బరువైన వయసువాడు. ఆమె కాళ్ళకు చెప్పుల్లేవు. ఎదురుగా ఇద్దరు యాత్రికులు, ఒక మగమనిషి, ఒక ముసలమ్మ, మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించారు. ముసలమ్మ తలగుడ్డ మాసి చిరిగి ఉంది. మగమనిషి వీపు మనవైపు. అందువల్ల మనకు అన్నిటికంటే దగ్గరగా కనిపించేవి అతని అరికాళ్ళు. చిత్రం బలిపీఠం పైన ఉంది కాబట్టి నిలబడి చూసేవాళ్ళకు ఆ అరికాళ్ళు ఇంచుమించు ముఖం ఎదుటికి వస్తాయి. వాటి నిండా మట్టి.

ఆ చిత్రాన్ని తొలిసారి చూసినప్పుడు సామాన్య జనం పెద్ద గోల చేశారని కరవాజ్జో సమకాలికుడు, అతనంటే గిట్టని చిత్రకారుడు జొవాన్ని బల్యోనే రాసిపెట్టాడు. ఆ మట్టి కాళ్ళను, ఆ చిరిగిన తలగుడ్డను చూసే ఆ సందడి. తప్పు పట్టి గోల చేశారా, మురిసిపోయి చేశారా అన్నది పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నా మనసు రెండోదానికే మొగ్గుతుంది. ఆ చర్చికి వచ్చేవాళ్ళలో అలాంటి పాదాలు ఉన్నవాళ్ళు తక్కువ కాదు. బలిపీఠం మీద, దేవుని తల్లి ఎదుట, తమ కాళ్ళను కడగకుండా ఉన్నవి ఉన్నట్టుగా గీసిన మనిషిని చూసి వాళ్ళు నివ్వెరపోయి ఉంటారు.

ఆ చర్చిలోనే తలుపు దగ్గర ఇంకో మరియ మాత ఉంది. జాకొపో సాన్సొవీనో 1521 ప్రాంతంలో చెక్కిన పాలరాతి విగ్రహం. కాన్పు సుఖంగా జరగాలని మొక్కుకునేవాళ్ళు, పిల్లలు పుట్టాక మొక్కు చెల్లించేవాళ్ళు ఇక్కడికి వస్తారు. చుట్టూ గులాబి, నీలం రంగు రిబ్బన్లు, పసిపిల్లల ఫోటోలు. తరతరాల ముద్దులకు, తాకిళ్ళకు పాదం అరిగిపోతే వెండి తొడుగు వేశారు. నేను ఉన్నంతసేపట్లో ఒక నిండు చూలాలు వచ్చి ఆ వెండి పాదం మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు అలాగే నిలబడి, వెళ్ళిపోయింది. పక్కన చిత్రకళ చూడ్డానికి వచ్చిన మేము, ఆమె, ఒకే తలుపులోంచి వచ్చాం. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు.

ఈ పాదాల వెనక పెద్ద చరిత్ర ఉంది. 1300లో పోపు ఎనిమిదో బోనిఫేస్ మొదటి జూబిలీ ప్రకటించాడు. రోము నివాసులైతే 30 రోజులు, బయటినుంచి వచ్చినవాళ్ళైతే 15 రోజులు పీటర్, పాల్ బాసిలికాలను దర్శిస్తే పాపక్షమ అన్నాడు. జనం ఎంతగా వచ్చారంటే సాంత్ ఆంజెలో వంతెన మీద వెళ్ళేవాళ్ళను ఒకవైపు, వచ్చేవాళ్ళను ఒకవైపు నడిపించాల్సి వచ్చింది. డాంటే తన ‘ఇన్ఫెర్నో’లో నరకంలో నడిచే గుంపులను ఆ వంతెన మీది రద్దీతోనే పోల్చాడు. 1450 జూబిలీలో అదే వంతెన మీద తొక్కిసలాట జరిగి వంద మందికి పైగా చనిపోయారు. ఆ దుఃఖం తర్వాత పోపు నాలుగో సిక్స్టస్ 1475 జూబిలీ కోసం తైబర్ నది మీద ఇంకో వంతెన కట్టించాడు. పోంతె సిస్తో. ఈరోజు సాయంత్రం పూట కుర్రకారు గిటారు వాయించుకుంటూ కూర్చునే ఆ వంతెన, నడిచి వచ్చే బీదాబిక్కీ ప్రాణాలు నిలబడాలని వేసినది. దానిమీద నుంచి నదిని, దూరాన సెయింట్ పీటర్స్ గుమ్మటాన్ని చూడ్డానికి ఒక్క పైసా అక్కర్లేదు.

వచ్చినవాళ్ళు పడుకునేదెక్కడ, తినేదేమిటి అన్నది తర్వాతి చిక్కు. ఫిలిప్పో నేరి అనే ఫ్లారెన్సు మనిషి 1548లో కొందరితో కలిసి యాత్రికుల కోసం ఒక సేవాసంఘం పెట్టాడు. పోంతె సిస్తోకు దగ్గర్లోనే త్రినితా దెయ్ పెల్లెగ్రీని చర్చి, దానికి ఆనుకుని సత్రం. 1575 జూబిలీలో ఆ సత్రం ఆదరించిన యాత్రికులు లక్షకు పైనే. ఆకలితో వచ్చినవాళ్ళకు అన్నం పెట్టడానికి ముందు కాళ్ళు కడిగేవారు. కడిగేవాళ్ళలో ప్రభువుల ఇళ్ళవాళ్ళు, కార్డినళ్ళు ఉండేవారు. 1600లో పోపు ఎనిమిదో క్లెమెంట్ స్వయంగా అక్కడికొచ్చి యాత్రికుల కాళ్ళు కడిగాడు. కరవాజ్జో అప్పుడు ఆ ఊళ్ళోనే, అక్కడికి నడక దూరంలోనే, సాన్ లుయీజి చర్చి కోసం తన మొదటి పెద్ద పనిని పూర్తి చేస్తున్నాడు. మరో నాలుగైదేళ్ళకు సాంత్ అగొస్తీనోలో గీసిన ఆ అరికాళ్ళను ఊహించుకుని ఉండాల్సిన అవసరమే అతనికి లేదు. వీధిలోకి వస్తే చాలు.

ఈ సాన్ లుయీజి దెయ్ ఫ్రాంచేజి గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. సంత మత్తయి జీవితం మీద అక్కడ మూడు చిత్రాలు ఉన్నాయి. ఎడమ గోడ మీద, సుంకం బల్ల దగ్గర డబ్బు లెక్కపెట్టుకుంటున్న మత్తయిని క్రీస్తు వేలు చూపి పిలుస్తాడు. ఆ చిత్రంలో వెలుగు కుడివైపు నుంచి పడుతుంది. చాపెల్‌లో బలిపీఠం పైన ఉన్న నిజమైన కిటికీ ఎటువైపు ఉందో అటునుంచే చిత్రంలోని వెలుగూ వస్తుంది. కుడి గోడ మీది మత్తయి హత్య చిత్రానికీ అదే లెక్క. అంటే కరవాజ్జో ఆ గదిని, ఆ గోడను, అక్కడ నిలబడే మనిషి చూపును కొలిచి మరీ వెలుగును ఎంచుకున్నాడు. ఈ చిత్రాలను విప్పి తీసుకెళ్ళి ఏ గొప్ప మ్యూజియం గోడకు తగిలించినా ఆ వెలుగుకు పుట్టిల్లు ఉండదు. సాంతా మరియా దెల్ పోపొలో చర్చిలో ఉన్న రెండు చిత్రాలూ అంతే. ఇరుకు చాపెల్‌లో ఎదురెదురు పక్క గోడల మీద ఉంటాయి. వాటికి సూటిగా ఎదుట నిలబడటం కుదరదు, ఏటవాలుగా చూడాలి. ఆ చూపుకు తగ్గట్టుగానే అతను బొమ్మలను అమర్చాడు. అక్కడ పీటర్ సిలువను వీపుతో పైకి నెడుతున్న కూలివాడి అరికాళ్ళు కూడా మట్టివే.

సాన్ లుయీజి మధ్య గోడకు గీసిన మొదటి చిత్రాన్ని చర్చివాళ్ళు కాదన్నారు. అందులో మత్తయి కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడనీ, మోటు పాదం బయటికి పొడుచుకొచ్చిందనీ, సాధువుకు తగిన మర్యాద లేదనీ అభ్యంతరం. కరవాజ్జో 1602లో ఇంకొకటి గీసి ఇచ్చాడు. కాదన్నదాన్ని ఒక సంపన్నుడు కొనుక్కున్నాడు. చేతులు మారి అది బెర్లిన్ మ్యూజియానికి చేరింది. 1945లో, యుద్ధం చివరి రోజుల్లో, అక్కడ నాశనమైపోయింది. ఇప్పుడు నలుపు తెలుపు ఫోటోలే మిగిలాయి. నేను దీన్ని తలుచుకున్న ప్రతిసారీ బాధపడతాను. రోము గోడ మీద ఉండనిచ్చి ఉంటే ఆ మోటు పాదం ఈరోజుకీ ఉండేది.

ఇలా మూడు చర్చిల్లో ఆరు కరవాజ్జోలు. సాన్ పియెత్రో ఇన్ వింకొలిలో మైకెలాంజెలో మోషే విగ్రహం. సెయింట్ పీటర్స్‌లో, భద్రతా తనిఖీ వరుస దాటితే, అతనిదే పియెతా. 1972లో ఒకడు సుత్తితో కొట్టిన తర్వాత దాన్ని గాజు వెనక పెట్టారు. అక్కడే కంచు పీటర్ విగ్రహం కుడి పాదం వేళ్ళు కలిసిపోయేంతగా అరిగి నున్నబడింది. కొన్ని చర్చిల్లో చాపెల్ చీకటిగా ఉంటుంది, పెట్టెలో నాణెం వేస్తే కాసేపు దీపం వెలుగుతుంది. ఆ నాణెం వేయడం నాకు ఇష్టం. ఒకరు వేస్తే అక్కడున్న అందరికీ వెలుగు. దీపం ఆరగానే ఎవరో ఒకరు జేబు తడుముకుంటారు. చర్చిలు చాలావాటిని మధ్యాహ్నం పన్నెండు పన్నెండున్నరకు మూసి, మూడు నాలుగు గంటలకు తెరుస్తారు. భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళాలి. ప్రార్థన జరుగుతుంటే పక్కన ఆగాలి. ఇక్కడ పర్యాటకుడికి ప్రత్యేక హక్కులేవీ లేవు, అదే బాగుంది.

మధ్యాహ్నం తలుపులు మూసిన వేళ మనిషికి కావలసింది నీడ, నీళ్ళు. రోము వీధుల్లో పోత ఇనుముతో చేసిన పొట్టి కొళాయి స్తంభాలు కనిపిస్తాయి, నసోనె అంటారు. 1874లో పెట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు సుమారు 2500 ఉన్నాయి. చల్లటి మంచినీళ్ళు పగలూ రాత్రీ పారుతూనే ఉంటాయి. గొట్టం మూతిని వేలితో మూస్తే పైనున్న చిన్న చిల్లులోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. మండు వేసవిలో మన ఊరి నడిబొడ్డున చలివేంద్రం చూస్తే ప్రాణం లేచి వచ్చినట్టుంటుందే, ఆ ఊరట ఇక్కడ ఏడాది పొడవునా ప్రతి నాలుగు వీధులకూ ఉంది. ఈ అలవాటు ఇనుప కొళాయిలకంటే ఎంతో పాతది. క్రీస్తుపూర్వం 33లో అగ్రిప్ప నగర పనులు చూసే అధికారిగా ఉన్న ఒక్క ఏడాదిలో 700 నీటి తొట్లు కట్టించాడని ప్లినీ రాశాడు. క్రీస్తుపూర్వం 19లో అదే అగ్రిప్ప తెప్పించిన ఆక్వా విర్గో కాలువ మధ్యలో మరమ్మతులు పొందుతూ ఇప్పటికీ త్రెవీ ఫౌంటెన్‌కు నీరందిస్తోంది. తర్వాత పోపులు కూడా కాలువలు తవ్వించి, వాటి చివర పెద్ద ఫౌంటెన్లు కట్టారు. జనీకొలొ గుట్ట మీద 1612 నాటి ఆక్వా పావొలా దగ్గర నిలబడితే రోము మొత్తం కాళ్ళ కింద పరుచుకుంటుంది. పొద్దు గుంకే వేళ అక్కడికి ఎక్కడం కంటే మంచి పని ఈ ఊళ్ళో నాకు తెలియదు.

తిండికి పెద్ద చిక్కేమీ లేదు. కాఫీ కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర. రోమువాళ్ళు నిలబడే తాగుతారు. పిజ్జాను ముక్కలుగా కోసి తూకానికి అమ్మే కొట్లు ప్రతి పేటలో ఉన్నాయి. శాకాహారులకు టమాటా ముద్ద పూసింది, బంగాళాదుంప పలుచగా పరిచింది దొరుకుతాయి. అయితే కొనుక్కున్నది తినడానికి కూర్చునే చోటు తగ్గిపోతోంది. స్పానిష్ మెట్ల మీద కూర్చోవడాన్ని 2019 నుంచి నిషేధించారు. పాత రాయి పాడవకూడదన్న ఉద్దేశం నాకు అర్థమవుతుంది. కానీ మెట్లు ఉన్నది మనిషి కూర్చోడానికి కూడా. అలసిన మనిషిని లేపి నిలబెట్టడం ఈ ఊరి పాత మర్యాదకు తగదు.

డబ్బుకు ఏ విలువా లేదని నేను చెప్పడం లేదు. సిస్టీన్ చాపెల్‌కు నేను టికెట్టు కొని వెళ్ళాను, అవకాశం వస్తే మళ్ళీ కొంటాను. 1508 నుంచి 1512 వరకు మైకెలాంజెలో తల వెనక్కి వంచి గీసిన ఆ పైకప్పుకు బదులు ఇంకొకటి లేదు. నెలలో మొదటి ఆదివారం ఇటలీ ప్రభుత్వ మ్యూజియాలు, కొలోసియం సహా, ఉచితం. వాటికన్ మ్యూజియాలు చివరి ఆదివారం ఉచితం. ఆ రోజుల్లో వరుసలు చాలా పొడుగ్గా ఉంటాయి. జర్మనీలో చదువుకుంటూ చవక విమానంలో రెండు రోజులకని రోముకు వచ్చే మన పిల్లలు నన్ను అడిగితే, ఆ ఉచితం కోసం సగం రోజు ఎండలో నిలబడొద్దనే చెబుతాను. ఒక్క టికెట్టు బాగా ఆలోచించి కొనుక్కోండి, మిగతా సమయం తెరిచిన తలుపులకు ఇవ్వండి. ఫోరం శిథిలాల్లోకి దిగకపోయినా కాపితోలిన్ గుట్ట వెనక వైపు నుంచి మొత్తం కనిపిస్తుంది. సాయంత్రం దీపాలు వెలిగాక అక్కడినుంచి చూస్తే ఏ స్తంభం ఎక్కడుందో లోపల తిరిగినప్పటికంటే బాగా తెలుస్తుంది.

నేను మనసుపెట్టి చేసింది ఏడు చర్చిల నడక. ఫిలిప్పో నేరి పదహారో శతాబ్దంలో దాన్ని జనంలోకి తెచ్చాడు. సెయింట్ పీటర్స్, గోడల బయటి సెయింట్ పాల్, సెయింట్ సెబాస్టియన్, లాటెరన్, సాంతా క్రోచె, సాన్ లొరెంజో, సాంతా మరియా మజ్జోరె. అన్నీ కలిపి 20 కిలోమీటర్ల పైమాట. నేరి వెంట వచ్చినవాళ్ళు పాడుకుంటూ నడిచి, మధ్యలో ఒక తోటలో కూర్చుని రొట్టె, గుడ్డు, చీజు తినేవాళ్ళు. ఆ తోట ఇప్పటి విల్లా చెలిమొంతాన పార్కు, ఎవరైనా వెళ్ళొచ్చు. నేను విడతలుగా నడిచాను. సెయింట్ పాల్ నుంచి సెయింట్ సెబాస్టియన్‌కు వెళ్ళే దారి పేరే ఏడు చర్చిల వీధి. అది గర్బతెల్లా పేట మీదుగా పోతుంది. 1920లో కార్మికుల కోసం కట్టడం మొదలుపెట్టిన పేట. ఇళ్ళ మధ్య పెద్ద పెరళ్ళు, తాళ్ళ మీద బట్టలు, గుమ్మాల్లో కుర్చీలు వేసుకున్న ముసలివాళ్ళు. రోములో గైడు చూపించనిది, నాకు ఎక్కువ నచ్చినది ఈ పేట. సాన్ లొరెంజోను 1943 జులై 19న బాంబులు కూల్చాయి, మళ్ళీ కట్టారు. సాంతా మరియా మజ్జోరెలో అయిదో శతాబ్దపు మొజాయిక్ చిత్రాలు ఉన్నాయి. పోపు ఫ్రాన్సిస్ తన సమాధి కోసం ఎంచుకున్నది ఆ చర్చినే, 2025లో అక్కడే ఖననం చేశారు. రాయి మీద లాటిన్‌లో పేరు ఒక్కటే చెక్కి ఉంటుంది.

ఇక పాంథియన్. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, దాదాపు 1900 ఏళ్ళ క్రితం పూర్తయిన గుడి. 609లో చర్చి అయింది. గుమ్మటం అడ్డకొలత 43.3 మీటర్లు, నేల నుంచి ఎత్తూ అంతే. నడినెత్తిన గుండ్రటి కన్ను, దానికి అద్దం లేదు, ఆకాశమే. 2023 జులై దాకా ఎవరైనా నడుచుకుంటూ లోపలికి వెళ్ళేవాళ్ళు. అప్పుడు 5 యూరోల టికెట్టు పెట్టారు. రోము నివాసులకు లేదు. ప్రార్థనకు వచ్చేవాళ్ళకు లేదు. వచ్చిన డబ్బులో 30 శాతం రోము డయోసీస్‌కు వెళ్తుంది, అందులోంచి దానధర్మాలూ చేస్తారు. మొత్తం పెద్దదీ కాదు, ఉద్దేశం చెడ్డదీ కాదు. అయినా నాకు దిగులుగానే ఉంది. టికెట్టు కొన్నవాళ్ళు టికెట్టుకు తగినంత సేపు ఉంటారు, ఫోటోలు తీసుకుంటారు, మళ్ళీ రారు. ఆ చౌకు దాటే ప్రతిసారీ కాసేపు లోపలికి తొంగిచూసి పోయే స్వేచ్ఛ పరాయి ఊరివాడికి పోయింది. ఆ స్వేచ్ఛ ఉన్న రోజుల్లో పొద్దున ఒక చోట ఉన్న వెలుగు వలయం సాయంత్రానికి గోడ మీద ఎక్కడికి పాకిందో ఎవరైనా చూడగలిగేవాళ్ళు. నగరాన్ని నడిపేవాళ్ళకు నా మాట చేరే దారి ఉంటే ఒకటి అడుగుతాను: టికెట్టు ఉంచుకోండి, కానీ వాన పడే రోజుల్లో తీసేయండి. ఆ కంటిలోంచి వాన నేరుగా లోపలికి కురుస్తుంది. రోమను మేస్త్రీలు నేలను మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా పరిచి, నీళ్ళు పోవడానికి రాళ్ళలో చిన్న చిన్న తూములు పెట్టారు. ఆ తూములు పనిచేయడం చూడ్డానికి, గొడుగు లేక వీధిలో తడుస్తున్నవాళ్ళందరినీ లోపలికి రానివ్వండి.